కొత్త నెంబరు, కొడుకు పేరు



మన కొల్లిపరలో, తెనాలి, రేపల్లె వైపున పిల్లలు దుబాయిలోనో కువైట్‌లోనో వుండే ఇండ్లున్నవి. అలాంటి ఇంటికి వాట్సాప్‌లో ఒక మెసేజీ వస్తుంది: "అమ్మీ, నా ఫోను పోయింది, ఇది కొత్త నెంబరు, అర్జెంటుగా డబ్బు పంపు." ఫోటో మన అబ్బాయిదే. స్టేటస్‌లో మనమే పెట్టుకొన్న ఫోటో కదండీ, ఎత్తుకోవడం ఎంతసేపు? మాట్లాడదామంటే "మైకు చెడింది, మెసేజీ చెయ్యి" అంటాడు. మోసమంతా అక్కడే వుంది. మేము పంతుళ్ళము, కాపీ రాసినవాణ్ణి దస్తూరీ చూసి పట్టుకొంటాము. ఫోనులో దస్తూరీ వుండదు.

పూర్వం తంతి వస్తే గుండె ఝల్లుమనేది. 2013లో తంతి ఆగిపోయింది, ఆ కంగారు మాత్రం ఫోనులోకి చేరింది. అయితే తంతిని నలుగురికీ చూపించేవాళ్ళము. ఈ మెసేజీని తల్లి ఒక్కతే చదువుకొని, ఎవరికీ చెప్పకుండా డబ్బు పంపేస్తున్నది.

ముందు పాత నెంబరుకు ఫోను చేయాలి. దొరకకపోతే కోడలికో, అతని గదిలోని స్నేహితునికో చేయాలి. "నన్నే అనుమానిస్తావా?" అంటే అననివ్వండి. గొంతును కూడా కంప్యూటరు అనుకరించే రోజులివి. దాదీ పెట్టిన ముద్దుపేరేమిటో అడగండి. ఇంకొకటి, బంధువు నెంబరు నుంచే "నీకు ఆరంకెల కోడ్ వచ్చింది, పంపు" అని వస్తే పంపవద్దు. పంపితే మన వాట్సాపే వాడి చేతికి పోతుంది, రేపు ఫుప్పూకు మన పేరుతో మెసేజీ పోతుంది.

డబ్బు పోతే పరువని దాచవద్దు. వెంటనే 1930కి, బ్యాంకుకు చెప్పాలి. డబ్బు ఆ ఖాతా దాటకముందైతే ఆపే వీలుంటుంది.