పాత కారుకు తగిన నూనె



నల్లమల అడవి అంచున ఉన్న లింగాల ప్రాంతములోను, అచ్చంపేట, కొల్లాపూరుల వైపునను పాతబండ్లను విడువని గృహస్థులు ఇంకను కొందరున్నారు. ఒకరికి అంబాసిడరు, ఒకరికి ప్రీమియర్ పద్మిని, మరొకరికి మహీంద్రా జీపు. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. పద్మిని అంతకు చాల ముందే ఆగినది. ఇట్టి ఇంజనులకు విడిభాగములు దొరుకుట ఏటేట కష్టమగుచున్నది. నూనె చాలక బేరింగులు కాలిపోయినచో బండి ఇంటిముందరి చెట్టుక్రింద చేరినట్లే. ఆ బండి బాడుగలమీదనే బ్రతుకు కుటుంబమునకు అది చిన్న నష్టము కాదు.

ఇట్టి బండికి నూనె కొనబోయినప్పుడు దుకాణములో రెండు సలహాలు వినబడును. పాతబండి గదా, ఎంత చిక్కని నూనె అయిన అంత మంచిదని ఒకటి. ఖరీదైన కొత్తరకము పోసినచో ఇంజను కొత్తదగునని రెండవది. రెండును సగము నిజములు. సగము నిజమును నమ్మి ఇంజను పాడుచేసికొనుటయే ఎక్కువగా జరుగునది. బండి వయస్సొక్కటే చూచి నూనె కొనరాదు. ఇంజను కట్టడి ఎట్టిది, ఇప్పుడు దాని స్థితి ఎట్లున్నది, బండి ఏ దారిన తిరుగును అను మూడింటిని చూడవలెను.

నూనె సంగతి మనవారికి కొత్తది కాదు. పాలమూరు, నల్లగొండ జిల్లాలు ఆముదపు పంటకు పేరుపడినవి. ఎడ్లబండి ఇరుసుకు పెట్టు కందెనలో ఆముదము ముఖ్యము. మొదటి ప్రపంచయుద్ధములో విమానముల రోటరీ ఇంజనులకు వాడినదియు ఈ ఆముదమే. ఇంగ్లండులోని వేక్‌ఫీల్డు కంపెనీవారు 1909లో ఆముదము కలిపిన ఇంజను నూనె ఒకటి తయారుచేసి, ఆముదమునకు ఇంగ్లీషున గల కాస్టరు అను పేరునుబట్టి దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టిరి. డబ్బామీద ఆ పేరు చదువు పాలమూరు రైతుకు తన చేనిలోని పంట పేరే అందులో ఉన్నదని తెలియకపోవుట తమాషా. ఆముదము లోహమును గట్టిగా అంటిపెట్టుకొనును. అది దాని గొప్ప గుణము. కాని వేడికి జిగురై, వార్నిషువలె గట్టిపడును. ఆ విమానములలో నూనె ఒకసారి వాడి బయటికి పోవునది కనుక చెల్లినది. కారులో అట్లు కాదు. అదే నూనె ఇంజను అడుగున ఉన్న సంపునకు మరలి వచ్చుచు వేల కిలోమీటర్లు తిరుగవలెను. అందుచేతనే కార్లకు ఖనిజతైలము నిలిచినది.

ఇక డబ్బామీది అంకెల సంగతి. 20 డబ్ల్యు 40, 20 డబ్ల్యు 50 అని వ్రాసి ఉండును. ఇవి అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘమువారు నూనె చిక్కదనమునకు పెట్టిన గుర్తులు. డబ్ల్యు అనగా వింటరు, చలికాలము. దాని ముందున్న అంకె చల్లని ఇంజనులో నూనె ఎట్లు కదలునో చెప్పును. తరువాతి అంకె ఇంజను వేడెక్కి నూనె నూరు డిగ్రీలకు చేరినప్పుడు ఎంత చిక్కదనము మిగులునో చెప్పును. ఆ వేడిలో 40 అంకె గల నూనె, మన కుండలోని చల్లని నీటికంటె సుమారు పన్నెండు మొదలు పదహారు రెట్లు చిక్కగా ఉండును. 50 అంకె గలది పదహారు మొదలు ఇరువదిరెండు రెట్లు. షాఫ్టుకును బేరింగునకును నడుమ లోహము లోహమును తాకకుండ కాపాడునది ఈ పలుచని పొరయే.

20 డబ్ల్యు నూనెను చలిలో తిప్పిచూచు పరీక్ష, నీరు గడ్డకట్టు స్థితికి 15 డిగ్రీలు దిగువన జరుగును. 5 డబ్ల్యుకు 30 డిగ్రీలు దిగువన. లింగాలలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడ అట్టి చలి ఎన్నడును ఉండదు. కావున ముందరి అంకె తగ్గినకొలది హెచ్చు ధర ఇచ్చుటలో మన పాతబండికి కలుగు లాభము స్వల్పము. మన బాధ ఎండతోనే. వేసవిలో నలువది డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున మన్ననూరు దాటి శ్రీశైలము ఘాటు దారిలో, నిండుగా మనుషులతో, రెండవ గేరులో బండి ఎక్కుచున్నదనుకొనుడు. చైత్ర పౌర్ణమి నాటి సలేశ్వరము జాతరకు పోవు బండ్ల పని కూడ ఇట్టిదే. వేగము తక్కువ, గాలి తక్కువ, శ్రమ ఎక్కువ. అప్పుడు నూనె పలుచబడి పీడనము తగ్గును. బండి ఆపి ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చినప్పుడు ఎఱ్ఱదీపము మిణుకుమిణుకుమన్నచో, మొదట నూనె మట్టము చూడవలెను. మట్టము సరిగానే ఉన్నచో నూనె పలుచబడినదో, బేరింగులు అరిగినవో, పంపు బలహీనపడినదో మెకానికుచేత చూపింపవలెను. దీపము ఆరకుండ వెలుగుచుండగా బండి నడుపరాదు.

మంచి స్థితిలో ఉన్న పాత పెట్రోలు ఇంజనుకు సాధారణముగా 20 డబ్ల్యు 40 చాలును. కొంత అరిగి, వేడిలో పీడనము తగ్గునట్టి దానికి 20 డబ్ల్యు 50 మేలు. బండితో ఇచ్చిన పుస్తకము మిగిలి ఉన్నచో దాని మాట నా మాటకంటె పైది. 50 దాటి ఇంకను చిక్కనిది పోయుట మాత్రము అనర్థము. ఉదయమున ఇంజను వేయగానే ఆ నూనె సన్నని దారులగుండ పైనున్న రాకరులకు చేరుటకు ఆలస్యమగును; అరుగుదలలో పెద్దపాలు ఆ తొలి క్షణములలోనిదే. నీలిపొగ వచ్చుచున్న ఇంజనులో చిక్కని నూనె పొగను కొన్నాళ్లు దాచును గాని అరిగిన రింగులను మాన్పదు.

డబ్బామీద రెండు అక్షరములు కూడ ఉండును. అమెరికా పెట్రోలియం సంస్థవారు పెట్రోలు ఇంజను నూనెలకు ఎస్‌తోను, డీజిలు నూనెలకు సితోను మొదలగు తరగతులు పెట్టిరి. 1980లో ఎస్.ఎఫ్., 1989లో ఎస్.జి., 2020లో ఎస్.పి. వచ్చినవి. ఇందులో ఒక చిక్కు కలదు. అంబాసిడరు 1489 సి.సి. ఇంజనులోను, పద్మిని ఇంజనులోను కామ్ షాఫ్టు టాపెట్టుమీద ఒరయుచు తిరుగును. ఆ ఒరపిడిని తట్టుకొనుటకు నూనెలో జింకు, ఫాస్ఫరసు కలిసిన మందు కావలెను. ఫాస్ఫరసు కొత్తకార్ల పొగగొట్టములోని శుద్ధియంత్రమును చెరచును గనుక, 2004లో వచ్చిన ఎస్.ఎం. తరగతి పలుచని నూనెలలో దానిని నూటికి 0.08 వంతుకు పరిమితము చేసినది. అందుచేత కొత్తకారుకు ఉత్తమమైన 5 డబ్ల్యు 30 పాతకారుకు ఉత్తమము కాదు. అయితే కొత్త తరగతులన్నియు పనికిరావని భయపడనక్కరలేదు. 20 డబ్ల్యు 50 వంటి చిక్కని నూనెలకు ఆ పరిమితి వర్తింపదు.

సింథెటిక్ నూనె పాత ఇంజనును పాడుచేయునను మాట నేను ఒప్పుకొనను. దాని ముఖ్యలాభము ఎక్కువకాలము మన్నుట. కార్బురేటరు బండిలో పెట్రోలు, మసి నూనెలో కలియుచునే ఉండును. నూనె ఎంత గొప్పదైనను త్వరగానే మార్చవలసి వచ్చును. అప్పుడు ఆ ధర దండుగ. పైగా పాత కార్కు గాస్కెట్ల సందులనుండి పలుచని నూనె తేలికగా కారును.

ఏండ్లతరబడి నిలిచి ఉన్న బండిని మరల నడుపబోవువారు ఒక జాగ్రత్త పాటింపవలెను. నేటి నూనెలలో మురికిని కడుగు మందులు ఉన్నవి. అవి లోపల పేరుకొనిన మడ్డిని ఒక్కసారిగా కదల్చినచో, అది నూనె పీల్చు జల్లెడను మూసివేయవచ్చును. వీలైనచో సంపు విప్పి శుభ్రము చేయింపుడు. లేనిచో మొదటి నూనెను, ఫిల్టరును కొలది వందల కిలోమీటర్లకే మార్చుడు. ఆ తరువాత మూడు నాలుగు వేల కిలోమీటర్లకు ఒకసారి. బండి తిరుగకున్నను ఏడాదికి ఒకసారి.

డీజిలు జీపులకు సి తరగతి గల 15 డబ్ల్యు 40 సామాన్యముగా సరిపోవును. అందులో నూనె త్వరగా నల్లబడుట మసివలన. అంతమాత్రమున అది చెడినట్లు కాదు. పెట్రోలు బండి అయినను, డీజిలు బండి అయినను, పుల్ల తీసి చూచినప్పుడు నూనె పాలవలె తెల్లబడి ఉన్నచో నీరు చేరినదన్నమాట. వెంటనే మెకానికుకు చూపవలెను.

విడిగా పోసి అమ్ము నూనెను ఎంత చవుక అయినను కొనకుడు. సీలు చూచి తీసికొని, ఖాళీ అయిన డబ్బాకు రంధ్రము పొడిచి పారవేయుడు. దానిలో మరల ఏదో నింపి అమ్మువారు ఉన్నారు. తీసిన పాతనూనెను వాగులోను, బావి దగ్గరను పోయక, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, పాతనూనె సేకరించు గ్యారేజికి ఇచ్చివేయుడు.