తెల్లపొణికికి మన ఊళ్లో చోటిద్దాం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బెజవాడ సభల్లో అతిథికి శాలువా కప్పి, కొండపల్లి బొమ్మ చేతికివ్వడం ఆనవాయితీ. ఏనుగు అంబారీ, ఎడ్లబండి, దశావతారాలు మనందరి ఇళ్లలోనూ ఉన్నాయి. ఆ బొమ్మ ఏ కొయ్యతో చేస్తారంటే తెల్లపొణికి అని చాలామంది చెబుతారు. ఆ చెట్టును చూసినవాళ్లు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో అనుమానమే.

తెల్లపొణికి ఆముదం కుటుంబపు చెట్టు. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఎండు కొండవాలుల్లో పెరుగుతుంది. కొయ్య బాగా తేలిక, మెత్తన. కళాకారులు సెగ మీద దాని తడి ఆర్చి, విడివిడిగా చెక్కిన కాళ్లూ చేతులూ చింతగింజల మక్కుతో అతికిస్తారు. కొయ్య మారితే పనితనమే మారిపోతుంది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో కొండపల్లి పేరు చెప్పారు. బొమ్మకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఆ గుర్తింపు కాపాడేది పేరును, చెట్టును కాదు. తరతరాలుగా నరకడమే గాని నాటడం తక్కువ. విత్తనానికి పెంకు గట్టి, తేలిగ్గా మొలవదు. అందుకే కొయ్య దొరకడం కష్టమవుతోంది.

అడవి చెట్టుకు నగరంలో పనేమిటని అడగవచ్చు. 1765లో అమెరికాలోని జార్జియాలో ఒక నది ఒడ్డున జాన్ బార్‌ట్రామ్, ఆయన కొడుకు విలియం ఒక పూలచెట్టును చూశారు. తరువాత విలియం దాని విత్తనాలు సేకరించాడు. ఫిలడెల్ఫియాలోని వాళ్ల తోటలో అవి మొక్కలయ్యాయి. 1803 తరువాత ఆ చెట్టు అడవిలో ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడున్న ఫ్రాంక్లినియా చెట్లన్నీ ఆ తోట సంతతే. అడవికి బదులు తోట కాదు గాని, ఆపదలో విత్తనపు గాదె కాగలదు.

స్వర్ణోత్సవ గుర్తుగా నగర పార్కులో మొక్కలు నాటాలని మన సంఘం తలపెట్టింది. కోనోకార్పస్ వేస్తే త్వరగా పచ్చబడుతుందని కొందరు మిత్రులన్నారు. నిజమే. కానీ అది అమెరికా తీరాల మొక్క, మనం నాటకపోతే దానికొచ్చే లోటు లేదు. తెల్లపొణికి సంగతి అలా కాదు.

నావి నాలుగు మనవులు. ఒకటి, కొండ మీది మొక్కను పెకలించి తేవద్దు. అటవీశాఖ అనుమతితో విత్తనం తెచ్చి నారు పోద్దాం. రెండు, మనది ఒండ్రు నేల, వానాకాలం నీరు నిలుస్తుంది. గులకమట్టితో దిబ్బ పోసి తెల్లపొణికి నాటాలి. ఏటి ఒడ్డున పెరిగే మద్దికి, కానుగకు పల్లపు చోటు చాలు. మూడు, ప్రతి చెట్టుకూ తెలుగు పేరున్న పలక పెట్టి, విత్తనం ఎక్కడిదో పుస్తకంలో రాయాలి. నాలుగు, 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మన చెట్ల వివరాలు అందులోకి ఎక్కించే పనిని విశ్రాంత సైన్సు మాస్టార్లు చేపట్టాలని కోరుతున్నాను.

నాటిన రోజు ఫొటోకు అందరం వస్తాం. మొక్క బతికేదీ చచ్చేదీ తరువాతి మూడు వేసవుల్లో తేలుతుంది. బయట బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంది. చందా తరువాత చూద్దాం. ముందు మీ బ్యాచి పేరు, నీళ్లు పోసే బాధ్యత తీసుకునే నెల రాయండి. ఏప్రిల్, మే నెలల గడులు ఇంకా ఖాళీగా ఉన్నాయి.