పౌరశాస్త్రం తెలియని ఊరికి నోటీసు అర్థం కాదు
(మా సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సభ కదా, గిట్టుబాటు ధర, కరెంటు, యూరియా గురించి మాట్లాడతారని వచ్చి ఉంటారు. అవన్నీ మన తీర్మానాల్లో ఉన్నాయి. ఈ పూట మాత్రం మేము మన పిల్లల సోషల్ పుస్తకం గురించి మాట్లాడదలచుకున్నాం. దానికీ మన పొలానికీ సంబంధం ఏమిటంటారా? చెబుతాం.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి దాకా చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ కలిపి ఒకటే సబ్జెక్టు. పరీక్షలు దగ్గరపడితే పాఠం పక్కకు పోయి గైడు, బిట్లు మిగులుతాయి. ఆ తర్వాత ఎంపీసీలోనో బైపీసీలోనో చేరిన పిల్లలకు పౌరశాస్త్రం అక్కడితో సరి. పదిహేనేళ్లకు పాఠం ఆగిపోతుంది, పద్దెనిమిదేళ్లకు ఓటు చేతికొస్తుంది. రాజ్యాంగం గురించి నేర్పాల్సిన ఆ మూడేళ్లూ ఖాళీ.

నష్టం ఎక్కడ తెలుస్తుందంటే, ఊరికి భూసేకరణ నోటీసు వచ్చినప్పుడు. 2013 చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోపు అభ్యంతరాన్ని రాతపూర్వకంగా కలెక్టరుకు ఇవ్వాలి. లెక్కల్లో నూటికి తొంభై అయిదు తెచ్చుకున్న కుర్రాడు ఇంట్లోనే ఉంటాడు. కానీ ఆ కాగితం చదివి నాన్నకు గడువు ఎప్పటిదాకా ఉందో చెప్పలేడు. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుమే లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఇది తెలియక దళారీకి వేలు ఇచ్చుకుంటున్నాం. గ్రామసభ అనే మాట రాజ్యాంగంలోనే ఉంది, 243ఏ అధికరణం. పరీక్షలో దాని మీద ఒక మార్కు బిట్టు రాసిన పిల్లల్లో గ్రామసభను కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది?

పాఠం చెబితే ఏమవుతుందో మన గడ్డ మీదే రుజువుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నారు. అక్కడే తమ ఇంటి కష్టం గురించి మాట్లాడుకున్నారు, సారా దుకాణం మూయించారు. ఆ మాట వేల ఊళ్లకు పాకింది. తీర్మానాలు రాసి కలెక్టరుకు పంపారు. నెల్లూరు జిల్లాలో సారా వేలం పదిహేడు సార్లు వాయిదా పడింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. అక్షరం, హక్కు, ఐక్యత ఒక చోట కలిస్తే జరిగేది అది.

ఆ కథ ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంలో ఉండేది. ప్రజా ఉద్యమాల అధ్యాయంలో దూబగుంట ఆడవాళ్లూ ఉన్నారు, 1988లో మీరట్‌లో కరెంటు చార్జీల మీద కూర్చున్న రైతులూ ఉన్నారు. 2022లో పిల్లల మీద భారం తగ్గిస్తున్నామంటూ ఆ అధ్యాయం మొత్తం తీసేశారు. రైతు కూర్చున్న ధర్నాయా పిల్లలకు భారం?

కాబట్టి పాఠం తప్పనిసరి అంటే సరిపోదు, ఏ పాఠమో కూడా మనమే అడగాలి. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు ఉండనివ్వండి. 1922లో పన్ను కట్టమని నిలబడ్డ పెదనందిపాడు రైతులు కూడా ఉండాలి. 1946 జూలై 4న కడవెండిలో దొరల తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య ఉండాలి, తన పంట కోసం నిలబడిన చాకలి ఐలమ్మ ఉండాలి. 1930ల్లో ఆచార్య రంగా నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం ఎందుకు పెట్టారో పిల్లలకు తెలియాలి. రైతుకు రాజకీయ చదువు కావాలని ఆనాడే గుర్తించారు.

దేశచరిత్ర తప్పనిసరి చేస్తే ఏ ప్రభుత్వం వస్తే ఆ ప్రభుత్వం తన డప్పు కొట్టుకుంటుందని కొందరు మిత్రులు అంటున్నారు. ఆ భయం నిజమే. మందు పాఠం మానేయడం కాదు, ప్రశ్న అడగడం నేర్పడం. పుస్తకంలో ఏది చేర్చారు, ఏది తీసేశారు, ఎవరు తీసేశారు అని అడగగలిగిన పిల్లల్ని ఏ పార్టీ అయినా మోసం చెయ్యడం కష్టం.

అందుకే ఈ సభ ముందు నాలుగు కోర్కెలు పెడుతున్నాం. ఇంటర్‌లో అన్ని గ్రూపులకూ రాజ్యాంగం, దేశచరిత్ర మీద ఒక పేపరు ఉండాలి. ఉన్నత పాఠశాలల్లో సోషల్ టీచరు పోస్టు ఖాళీగా ఉంచకూడదు. ఏడాదికి ఒక్కసారైనా తొమ్మిదో తరగతి పిల్లల్ని గ్రామసభకు తీసుకుపోయి కూర్చోబెట్టాలి. తీసేసిన ఉద్యమాల పాఠాలను తిరిగి చేర్చాలి.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. కమిటీ సమావేశానికి వెళ్లినప్పుడు లెక్కల మార్కులతోపాటు సోషల్ పీరియడ్ జరుగుతోందా అని కూడా అడగండి. ప్రతి గ్రామశాఖా నెలకో ఆదివారం పిల్లల్ని చెట్టుకింద కూర్చోబెట్టి, అడంగల్ ఎలా చదవాలో, దరఖాస్తు ఎలా రాయాలో నేర్పాలి. ఊరి పెద్దలు చూసిన పోరాటాలు చెప్పించాలి.

విత్తనం మంచిదా కాదా అని రెండు చేతులతో తిప్పి చూసుకునే రైతు, పిల్లల బుర్రలో వేసే విత్తనం చూడకుండా ఎలా ఉంటాడు? ఆలోచించండి. ఈ తీర్మానాన్ని చేతులెత్తి ఆమోదించండి.