చిహ్నం, నామం, సంప్రదాయం
(ప్రసంగ పాఠం)



ప్రతి విద్యాలయానికీ తనదని చెప్పుకొనే గుర్తు ఒకటి ఉంటుంది. అమెరికాలో ఆ గుర్తు తరచుగా ఒక జంతువు. యేల్ విశ్వవిద్యాలయానికి 1889 నుంచి బుల్‌డాగ్ జాతి కుక్క శుభచిహ్నం. 'హ్యాండ్సమ్ డాన్' అనే మొదటి కుక్క పేరునే తరువాత వచ్చినవి కూడా ధరించాయి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయానికి పులి గుర్తు. ఆటల పోటీలలో విద్యార్థులు ఆ జంతువుల పేరిట జయజయధ్వానాలు చేస్తారు. వాటి చుట్టూ కథలు అల్లుకుంటారు. ఇందులో ఆక్షేపించవలసినది లేదు. వేలమందిని ఒక్క గొంతుతో పలికించగల వస్తువు ఏదైనా సంఘానికి ఉపకారమే చేస్తుంది.

మన విశ్వవిద్యాలయాలలో ఇటువంటి జంతువులు సాధారణంగా కనిపించవు. ఆ స్థానంలో ఒక ముద్ర, ముద్రలో ఒక సంస్కృత వాక్యం, ఏటేటా జరిగే స్నాతకోత్సవం ఉంటాయి. 1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్రలో ఉదయించే సూర్యుడు, పద్మం ఉన్నాయి. గురుశిష్యుల చదువు తేజోవంతం కావాలన్న ప్రార్థన దాని ధ్యేయవాక్యం. పడమటి దిక్కున సూరత్ నగరంలో ఉన్న వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం సత్యం, జ్ఞానం, అనంతం అనే మూడు మాటలను స్వీకరించింది. ఈ రెండూ తైత్తిరీయోపనిషత్తులోనివే. బ్రహ్మానందవల్లి ఆరంభంలోని శాంతిపాఠంలో మొదటిది ఉన్నది. ఆ వెంటనే కొద్ది మాటల దూరంలో రెండవది ఉన్నది. చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యునికి గురువు చేసే హితబోధ కూడా అదే ఉపనిషత్తులోని శిక్షావల్లిలో ఉన్నది. తూర్పు తీరాన విశాఖపట్నం, పశ్చిమాన సూరత్ ఒకరినొకరు సంప్రదించకుండానే ఒకే గ్రంథాన్ని తెరిచాయని అనుకోవచ్చు.

అయితే సూరత్ విశ్వవిద్యాలయం విశిష్టత దాని వాక్యంలో కన్న దాని నామంలో ఎక్కువగా ఉన్నది. 1960ల మధ్యలో ఏర్పడినప్పుడు అది కేవలం దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. ప్రాంతాన్ని మాత్రమే తెలిపే ఆ పేరుకు ముందు 2004లో ఒక కవి పేరు చేరింది.

విద్యాలయాలకు పేర్లు ఎలా వస్తాయి? యేల్ చరిత్రనే చూడండి. ఎలిహు యేల్ 1687 నుంచి 1692 వరకు మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ గవర్నరు. అవినీతి ఆరోపణలపై పదవి పోగొట్టుకున్నాడు. కాని ఇక్కడ గడించిన సంపద అతని వద్దనే ఉన్నది. 1718లో అతడు తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, ఒక రాజుగారి చిత్రపటం పంపగా, అమెరికాలోని ఆ కళాశాల అతని పేరు పెట్టుకొన్నది. సూరత్ తన విశ్వవిద్యాలయానికి పేరు పెట్టుకొన్నది అప్పులతో కాలం గడిపిన మనిషిది.

నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే 1833 ఆగస్టు 24న సూరత్‌లో జన్మించారు. 1858లో ఉపాధ్యాయ పదవిని విడిచిపెట్టి, ఇక కలం మీదనే జీవించాలని వ్రతం పట్టారు. 1860లో వితంతు వివాహం విషయమై జదునాథ్‌జీ మహారాజ్ అనే ప్రబల మతాచార్యుని బహిరంగ వాదానికి పిలిచారు. 1864లో 'దాండియో' పత్రికను స్థాపించారు. డోలు వాయించే కర్ర అని ఆ మాటకు అర్థం. తరువాత తామే ఒక వితంతువును వివాహమాడారు. ఏళ్ల తరబడి శ్రమించి సుమారు 25 వేల మాటలతో 'నర్మకోశ్' అనే గుజరాతీ నిఘంటువును కూర్చి, 1873లో సమగ్రంగా ప్రకటించారు. తెలుగువారికి ఈ చరిత్ర వినగానే కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్ఫురిస్తారు. రాజమహేంద్రవరంలో పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. ఇద్దరూ పత్రికలు నడిపారు. ఇద్దరూ స్వీయచరిత్రలు వ్రాశారు.

నర్మద్ జీవితంలో మరొక ఘట్టాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. ఇరవై నాలుగేళ్లు నిలిపిన వ్రతాన్ని ఇబ్బందులకు లోనై 1882లో విడిచి, ఆయన ఉద్యోగంలో చేరారు. వెనుకటి సంస్కరణ భావాలను కూడా కడపటి దశలో పునర్విమర్శించుకొని, ప్రాచీన ధర్మం వైపు మొగ్గారు. 1886లో కన్నుమూశారు. కుక్కబొమ్మకు, పులిబొమ్మకు ఇటువంటి చిక్కులు ఉండవు. మనిషిని చిహ్నంగా ఎన్నుకొన్న విద్యాలయం అతని ధైర్యాన్నే కాక అతని సందేహాలను కూడా స్వీకరించవలసి ఉంటుంది. ప్రశ్నించడం నేర్పే చోట అది లోపం కాదు.

ఈ నామం ఎవరిది? గుజరాతీ మాతృభాషగా గల వారిదేనా? సూరత్ ఒక్క భాష నగరం కాదు. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి మరమగ్గాల మీద జీవిస్తున్నాయి. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూలతో పాటు ఒడియా, తెలుగు మాధ్యమాలలోనూ పాఠశాలలు నడుపుతున్నది. 1961లో సూరత్‌లో వెలసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, 1959లో వరంగల్లులో నెహ్రూ శంకుస్థాపన చేసిన కళాశాల ఒకే పథకపు సంతానం. ఆ కళాశాలల్లో సగం స్థానాలు ఇతర రాష్ట్రాల విద్యార్థులకు కేటాయించేవారు. ఈ రెండూ 2002లో జాతీయ సాంకేతిక సంస్థలైనవి.

నర్మద్ ఈ ప్రశ్నను తామే వేసుకొన్నారు. 'కోని కోని ఛే గుజరాత్', అంటే గుజరాత్ ఎవరెవరిదన్న గీతంలో, కులమేదైనా, మతమేదైనా, ఆ నేలపై పెరిగి ఆ భాష పలికేవారందరిదీ అన్న భావాన్ని వెలిబుచ్చారు. మరమగ్గం దగ్గర పెరిగి గుజరాతీ నేర్చి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే తెలుగు నేతగాని కుమార్తెకు ఈ నామంపై పూర్తి హక్కు ఉన్నది. ఆ హక్కు ఆమెకు అనుభవంలోకి రానంతవరకు ఆ నామం ద్వారం మీది అక్షరాలుగానే మిగిలిపోతుంది.

నర్మద్ జన్మదినమైన ఆగస్టు 24 గుజరాతీ భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తిగారి జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. నడుమ ఐదు రోజులే. ఆ ఐదు రోజులలో మీ కళాశాల గ్రంథాలయంలో ఒక గుజరాతీ కవి అనువాదాన్ని చదవండి. పొరుగు భాషలో పది మాటలు నేర్చుకోండి. మీ కళాశాల ముద్రలోని వాక్యానికి అర్థం అడిగి తెలుసుకోండి. సంప్రదాయం అంటే అందజేయబడినది అని అర్థం. అందుకొనే చేయి లేకపోతే అందజేసినది నేల పాలవుతుంది.