పిలకాయల చేతిలో ఫోను: సంఘం చేయగల పని

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. ఏ లెక్కల పుస్తకంలోనూ రాయని సంగతి ఒకటి ఇప్పుడు మాట్లాడుకుందాం. అది మన పిలకాయల చేతిలోని ఫోను.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఏ ఊళ్ళో మీటింగు పెట్టినా, అప్పుల మాట అయిపోయాక ఈ మాటే వస్తోంది. పదో తరగతి పిల్లోడు అర్ధరాత్రి దాకా దుప్పట్లో రీల్స్ చూస్తాడు, పొద్దున లేవడు. మూడేళ్ళ బిడ్డ ఫోను చూపిస్తేగానీ ముద్ద మింగదు. లాక్కుంటే ఏడుపు, అలక, గొడవ.

ఇదంతా పిలకాయల పొగరు అనుకుంటే మనకు దారి దొరకదు. సినిమాకు చివర ‘శుభం’ పడుతుంది. పుస్తకానికి ఆఖరి పేజీ ఉంటుంది. రీల్స్‌కు అట్టాంటిదేమీ లేదు. వేలితో ఒక్కసారి తోస్తే ఇంకోటి వస్తుంది. తర్వాతి ముక్క ఏమొస్తుందోనని పేకాటలో కూర్చున్నట్టే, తర్వాతి వీడియో ఏందోనని మనసు లాగుతుంది. మనం ఎంతసేపు చూస్తే కంపెనీకి అంత ప్రకటనల డబ్బు. అందుకే ఆగే చోటు లేకుండా తయారు చేశారు. ఆ వేగానికి అలవాటు పడిన పిల్లకు పాఠం చప్పగా అనిపించడంలో వింతేముంది?

ప్రభుత్వం నిషేధిస్తే పోతుంది కదా అని కొందరు అడుగుతున్నారు. 2020 జూన్ చివర్లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. యాప్ మారింది గానీ అలవాటు మారలేదు. అదే ఏడాది కరోనాకు బడులు మూసి పాఠాలు ఫోనులో చెప్పారు. ఇప్పుడు ఫోను బయట పారేయలేం. మన బ్యాంకు ఓటీపీ అందులోనే, బయట దేశంలో పనిచేసే మనిషి ముఖం చూసుకునేది అందులోనే. పారేయలేని వస్తువుకు వేళా, చోటూ పెట్టాలి.

ఒక్క ఇల్లు ఆ పని చేయలేదు. మన ఇంట్లో ఫోను దాస్తే పిల్లోడు పక్కింటికి పోతాడు. ఇది మనకు తెలియని పాఠం కాదు. మన పక్కనే కలిగిరి మండలం దూబగుంటలో అక్షరదీపం బడికి పోయిన ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు, సారాకు ఎదురు తిరిగారు. ఒక్కొక్కరు ఇంట్లో ఎంత ఏడ్చినా ఆగని సారా, అందరూ అంగడి ముందు నిలబడితే ఆగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి పొదుపు మొదలై మన సంఘాలు పుట్టాయి.

ఫోను విషయంలోనూ దారి చూపిన ఊరుంది. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊళ్ళో 2022 ఆగస్టు 15 నుంచి సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగిస్తున్నారు. 8:30 దాకా ఇళ్ళల్లో టీవీ, ఫోను కట్టేస్తారు. పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించారు.

మన సంఘాలకు పంచసూత్రాలు ఉన్నట్టే దీనికీ ఐదు మాటలు పెట్టుకుందాం.

ఒకటి: రోజూ సాయంత్రం గంటన్నర ఊరంతా ఫోను, టీవీ కట్టేయాలి. మన సీరియల్ కూడా అందులోకే వస్తుంది. పెద్దలు చేయంది పిలకాయలు చేయరు.

రెండు: అన్నం దగ్గర ఫోను వద్దు. రెండేళ్ళ లోపు బిడ్డకు అసలు చూపొద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

మూడు: రాత్రి అందరి ఫోన్లూ వంటింట్లో ఒకే చోట చార్జింగ్ పెట్టాలి. పక్క మీదికి పోకూడదు.

నాలుగు: చూస్తుండగా లాక్కోవద్దు. ముందే చెప్పి, పిల్లలతో కూర్చుని వేళ మాట్లాడుకోవాలి. చాలా ఫోన్ల సెట్టింగ్స్‌లో ఏ యాప్‌కు ఎంతసేపో గడువు పెట్టుకోవచ్చు. అది ఎట్టాగో పిల్లల చేతే పెట్టించండి.

ఐదు: ఖాళీ అయిన చేతికి పని కావాలి. కబడ్డీ ఆడనీయండి. మన ఉదయగిరి చెక్క గరిటెలు చెక్కే వాళ్ళ దగ్గర కాసేపు కూర్చోనీయండి. సంఘం లెక్కలు రాసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి.

మొదటి వారం ఇంట్లో గోల ఉంటుంది. దానికి భయపడి వదలొద్దు. బిడ్డ నిద్ర, తిండి, బడి మానేసినా, చచ్చిపోతానని అన్నా తిట్టొద్దు. 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ అలవాటుకే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ ఉంది. వైద్యం అడగడంలో సిగ్గు పడేదేమీ లేదు.

వచ్చే మీటింగులో ప్రతి సంఘం ఈ ఐదు మాటలు చర్చించి, కుదిరినవి మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాసి సంతకాలు పెట్టాలని కోరుతున్నాం. నెల తర్వాత ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో గ్రామ సంఘంలో లెక్క చెప్పుకుందాం. అప్పు వాయిదా తప్పకుండా కట్టే మనం ఈ గంటన్నర కూడా తప్పకుండా కట్టగలం.