గాజును చెక్కే కాంతి

కిటికీ అద్దంపై పడిన ఎండ చాలావరకు దానిగుండా లోపలికి వచ్చేస్తుంది. కాంతిని పట్టి ఉంచుకోకపోవడమే గాజు గుణం. కటకాల తయారీకి అది పనికివచ్చేది అందువల్లనే. తన గుండా సాగిపోయే ఆ కాంతితోనే గాజును చెక్కడం ఎట్లా సాధ్యం? ఇందుకు సమాధానం కాంతి పనిచేసే కాలవ్యవధిలో ఉన్నది.

సెకనులో వేయి లక్షల కోట్లవ వంతు ఫెమ్టోసెకను. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పయనించే కాంతి 100 ఫెమ్టోసెకన్లలో సాగే దూరం 30 మైక్రోమీటర్లు మాత్రమే. నేటి లేసర్లు ఇంత స్వల్పమైన పల్సులను, అనగా కాంతి స్పందాలను, వెలువరించగలవు.

స్వచ్ఛమైన సిలికా గాజులో ఎలక్ట్రానును బంధవిముక్తం చేయడానికి దాదాపు 9 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అవసరం. 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిలో ఒక ఫోటాను తెచ్చే శక్తి 1.55 మాత్రమే. ఒంటరి ఫోటాను ఏమీ చేయలేక వెళ్ళిపోతుంది. శక్తినంతా ఫెమ్టోసెకన్లలోకి కుదించి ఒక బిందువుపై నిలిపినపుడు ఆరు ఫోటాన్లు ఏకకాలంలో ఒకే ఎలక్ట్రానును కదిలిస్తాయి. ఒక మనిషికి లేవని బండ ఆరుగురు ఒక్కసారి పట్టు పట్టితే కదిలినట్లే ఇదీ.

దీర్ఘమైన స్పందం తాకినపుడు వేడి చుట్టుపక్కలకు పాకి గాజు కరుగుతుంది, బీటలు వారుతుంది. అతిస్వల్ప స్పందం శక్తిని ముందుగా ఎలక్ట్రాన్లకు అందిస్తుంది. అవి దానిని పరమాణువులకు చేర్చేలోగానే స్పందం ముగిసిపోతుంది. ఉపరితలం నుండి ద్రవ్యం ఎగిరిపోగా, చుట్టూ ఉన్న గాజు పెద్దగా వేడెక్కదు. అయితే ఒకే చోట స్పందాలు పదే పదే పడితే గాజు తట్టుకొనే శక్తి తగ్గుతుంది. అవి మరీ వెంటవెంటనే పడితే వేడి కూడా పేరుకుంటుంది. పైగా కిటికీ గాజు వేడికి స్వచ్ఛ సిలికా కంటె సుమారు 15 రెట్లు అధికంగా వ్యాకోచిస్తుంది. కనుక తేలికగా పగులుతుంది. అన్ని గాజులకు ఒకే కొలత చెల్లదు.

ఈ విద్య ఏ ఒక్క దేశపు సొత్తూ కాదు. స్పందాన్ని సాగదీసి, బలపరచి, తిరిగి కుదించే పద్ధతిని కెనడా దేశస్థురాలు డోనా స్ట్రిక్‌లాండ్, ఫ్రాన్సు దేశీయుడు జెరార్డ్ మూరూ 1985లో అమెరికాలోని రోచెస్టర్‌లో రూపొందించారు. 2018లో నోబెల్ బహుమతిలో భాగం పొందారు. 1996లో జపాను శాస్త్రజ్ఞులు గాజు లోపల కాంతి మార్గాలను లిఖించారు. ఇట్లా కాంతి తాకిన భాగం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో త్వరగా కరుగుతుంది గనుక, ద్రవపు బొట్టును పరీక్షించే సూక్ష్మ కాలువలను గాజు పలకలో తొలచవచ్చును.

మన దేశంలో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, హైదరాబాదు విశ్వవిద్యాలయం అతిస్వల్ప లేసర్ స్పందాలపై పరిశోధనలు జరుపుతున్నాయి. కలకత్తాలో 1950లో ఏర్పడిన కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధన సంస్థకు గాజుతో దీర్ఘానుభవం ఉన్నది. ఏ గాజుకు ఎంత కాంతి, ఎంత కాలం అన్నది పుస్తకం చూసి తేల్చలేము. కాంతిని ఎరిగినవారు, గాజును ఎరిగినవారు ఒక్క బల్ల వద్ద కూర్చున్ననాడే ఆ కొలత మన చేతికి వస్తుంది.