కారునకు తగిలిన చిన్న దెబ్బకు బీమా సొమ్ము కోరవలెనా?



ఒకప్పుడు ఎడ్లబండి నిలిచిన పాకలో నేడు మోటారు కారు నిలుచుచున్నది. బండి చక్రము విరిగినచో వడ్రంగి యింటికి పోవుట మనకలవాటు. కారునకు సొట్టపడినచో మాత్రము మన పిల్లలు మరమ్మతువాని యొద్దకు పోవుటకు ముందే బీమా కాగితము వెదకుచున్నారు. "ఏటేట సొమ్ము కట్టుచున్నాము గదా, ఇప్పుడైన రాబట్టుకొనవలదా?" యని వారి వాదము. వినుటకిది సమంజసముగనే యుండును. అయినను లెక్కకు నిలుచునో లేదో చూడవలసియున్నది.

కారు బీమాయందు రెండు భాగములు గలవు. మన కారువలన పరులకు గలిగిన హానికి పరిహారమిచ్చునది మొదటిది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇది లేక కారు రోడ్డెక్కరాదు. మన కారునకే కలిగిన నష్టమును భరించునది రెండవది. దీనిని చట్టము విధింపలేదు, తీసికొనుట మన యిష్టము. ఏడాది పొడుగున ఈ రెండవ భాగము క్రింద పరిహారము కోరనివారికి, మరుసటి యేట ఆ భాగపు ప్రీమియములో తగ్గింపు నిత్తురు. దానికి 'నో క్లెయిమ్ బోనస్' అని పేరు. ఒక యేడు కోరకున్న నూటికి 20, రెండేండ్లకు 25, మూడేండ్లకు 35, నాలుగేండ్లకు 45, ఐదేండ్లకు 50 చొప్పున తగ్గును. అంతకు మించి తగ్గదు. ఇన్నియేండ్లు ఎక్కిన మెట్లన్నియు ఒక్క క్లెయిముతో, అది ఎంత చిన్నదైనను, సున్నకు జారిపోవును. వైకుంఠపాళి యాడినవారికి దీనిని వేరుగ వివరింపనక్కరలేదు.

సంక్రాంతికి ఊరికి వచ్చిన నా పూర్వశిష్యుడొకడు కారును వెనుకకు నడుపుచు రాతి స్తంభమునకు తాకించెను. వెనుక బంపరు చీలినది, ప్రక్క రేకు గీచుకొనిపోయినది. మరమ్మతువారు బంపరునకు 4,000, రంగునకు 3,000, కూలికి 2,000, వెరసి 9,000 రూపాయలగునని చీటి వ్రాసి యిచ్చిరి. "పంతులుగారూ, తొమ్మిదివేలు చేతినుండి పెట్టుకొనుట యెందుకండీ? బీమా ఉన్నది గదా!" అని యతడడిగెను. "కాగితము తెమ్ము, చూతము" అంటిని.

మొదట చేతికి వచ్చునది చూచితిమి. ప్లాస్టిక్కు, రబ్బరు వస్తువుల వెలలో తరుగుదల క్రింద సగము కోయుదురు గనుక బంపరునకు వచ్చునది 2,000. రంగు బిల్లులో నాలుగవ వంతును సామగ్రి వెలగా నెంచి, అందులో సగము తీసివేయుదురు. ఆ లెక్కను 375 పోగా 2,625 వచ్చును. కూలి 2,000 పూర్తిగా నిత్తురు. కలిపిన 6,625. ప్రతి క్లెయిములోను యజమాని తప్పక భరింపవలసిన భాగమొకటి కలదు. 1,500 సి.సి. వరకుగల కార్లకది 1,000 రూపాయలు. అదియు పోగా నిలిచినది 5,625 మాత్రమే.

తరువాత పోవునది చూచితిమి. అతని కారునకు రెండవ భాగపు ప్రీమియము, తగ్గింపునకు ముందు, 10,000. నాలుగేండ్లుగా క్లెయిము లేదు. ఈ యేడును కోరకున్న వచ్చేయేట సగము తగ్గి 5,000 కట్టును. కోరినచో పూర్తిగా 10,000 కట్టవలెను. ఇక్కడికే 5,000 పోయినది. నష్టము ఆ యేటితో ముగియునని యతడు తలచెను, ముగియదు. మరల మొదటి మెట్టునుండి ఎక్కవలయును గనుక రెండవ యేట 8,000, మూడవ యేట 7,500, నాలుగవ యేట 6,500, ఐదవ యేట 5,500 కట్టవలెను. కోరకయున్నచో ఈ యేండ్లన్నిటను 5,000 మాత్రమే. భేదములన్నియు కూడినచో 12,500 తేలినది. కారు పాతబడిన కొలది దాని వెలతోపాటు ప్రీమియమును తగ్గును గాన ఈ యంకె కొంత తగ్గును. నడుమ మరియొక పెద్ద ప్రమాదము వచ్చి క్లెయిము తప్పనిసరియైనచో లెక్కయే మారును. సామాన్యముగ మాత్రము 5,625 కొరకు అంతకంటె చాల యెక్కువ విడుచుకొనుటయే యగును. శిష్యుడు కాగితము మడిచి జేబులో పెట్టుకొనెను.

ఇదే దెబ్బ కారు కొన్న మొదటి యేడే తగిలినచో ఫలము వేరు. పోగొట్టుకొనుటకప్పటికి బోనసు లేదు గనుక, అదే ప్రీమియముపై ఐదేండ్ల భేదము 5,000 మాత్రమే. వచ్చునది 5,625. ఆరువందల చిల్లర కొరకు తిరుగుట వారి వారి యోపికను బట్టి యుండును. బిల్లు 40,000 అయి, కోతలన్నియు పోగా చేతికి వచ్చునది పోవుదానిని స్పష్టముగ మించినప్పుడు సంకోచింపక కోరవలెను; ప్రీమియము కట్టినది అందుకే. అదనపు సొమ్ము కట్టి తరుగుదల కోత లేని షరతును, బోనసును కాపాడు షరతును తీసికొన్నవారు తమ పాలిసీ చదివి తమ లెక్క తాము వేసికొనవలెను.

మరమ్మతు చోట చెవిలో చెప్పు మాట యొకటి యున్నది. "ఎటులనో క్లెయిము చేయుచున్నారు, పాత గీతలు గూడ ఇందులోనే కలిపివేయుదము" అని. లేనిదానిని పొందుట యోగము, ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము అని పెద్దలు విభజించిరి. బీమా క్షేమమునకు ఏర్పడినదే గాని యోగమునకు గాదు. ఏ ప్రమాదమునకా ప్రమాదము వేరు క్లెయిము. రెంటిని ఒకటిగ వ్రాయుట అబద్ధము. అది బయటపడినచో న్యాయముగ రావలసిన సొమ్మును నిరాకరించుటకు కంపెనీవారికి అవకాశమిచ్చినట్లగును. కంపెనీ మార్చునప్పుడు వెనుకటి క్లెయిమును దాచి బోనసు కోరుటయు నిట్టిదే.

గ్రామపెద్దలైన మీతో నేను ముఖ్యముగ చెప్పదలచినది వేరొకటి. ఇంతవరకు చెప్పిన గణితమంతయు రేకునకు, రంగునకు మాత్రమే. కారు మనిషికి తగిలినప్పుడు ఈ గణితము పనికిరాదు. అట్టి తగవులు రచ్చబండ యొద్దకే వచ్చును. పడినవాడు లేచి దులుపుకొని నడచుటచూచి, వేయి రూపాయలు చేతిలో పెట్టించి పంపివేయుట మన యూళ్లలో కలదు. లోపలి దెబ్బ రెండు మూడు దినములకు గాని బయటపడకపోవచ్చును. అప్పటికి పోలీసు నమోదు లేక, కంపెనీకి కబురు లేక, ఆ కూలివాని కుటుంబము వైద్యపు ఖర్చునకు అప్పు చేయవలసి వచ్చును. తలకు దెబ్బ తగిలిన మనిషి "నాకేమియు కాలేదండీ" అన్నమాత్రమున మీరు నమ్మవలదు. గాయపడినవానికి వైద్యము చేయించుట, పోలీసువారు అక్కడ లేకున్న వీలైనంత త్వరగా, ఎట్లయినను 24 గంటల లోపల సమీపపు స్టేషనులో తెలుపుట, బీమా కంపెనీకి వ్రాతమూలముగ తెలుపుట పైచట్టములోని 134వ సెక్షను ప్రకారము కారు నడిపినవాని విధులు. రాజీ చెప్పుటకు కూర్చున్న పెద్దలు మొదట ఈ మూడును జరిగినవా యని అడుగవలెను. ఇట్లు తెలిపిన బోనసు పోవునని కొందరు భయపడుదురు. ఆ భయము నిలువదు, బోనసు రెండవ భాగమునకే చెందినది.

సొంత కారు దెబ్బ విషయమునను జాగుచేయరాదు. ప్రమాదము జరిగిన వెంటనే తెలుపవలెనని పాలిసీ షరతు. గాన ఆ దినముననే ఫోటోలు తీసి, మరమ్మతు అంచనా వ్రాయించుకొని, కోరవలెనో వలదో నిర్ణయించుకొనవలెను. పాలిసీ గడువు తీరిన 90 దినముల లోపల తిరిగి కట్టకున్న, క్లెయిము చేయకయే బోనసు పోవును. కారు అమ్మినప్పుడు బోనసు కొన్నవానికి పోదు, అది యజమానిది. కంపెనీనుండి పత్రము వ్రాయించుకొనినచో మూడేండ్ల లోపల కొను క్రొత్త కారునకు దానిని వాడుకొనవచ్చును.